చివరి వరస డబ్బా

యాంగోన్‌లో ఏప్రిల్ వచ్చిందంటే మనుషుల మంచితనం సగానికి సగం ఆవిరైపోతుంది. టీ కొట్టువాడు విసుక్కుంటాడు, బస్సు కండక్టరు కసురుకుంటాడు, కుక్కలు మొరగడం మానేసి బండ్ల కింద పడుంటాయి. అలాంటి ఎండల్లో కూడా పజుండౌంగ్ వాగు ఒడ్డున ఉన్న పాత ఐసు మిల్లు గుమ్మంలో మాత్రం ఎవరికీ కోపం రాదు. కొనాల్సిన ఐసు కొనేశాక కూడా ఏదో ఒక కబురు వంకతో ఆ చల్లగాలిలో ఇంకాసేపు నిలబడతారు.

ఆ మిల్లు నడిపేది చిలకమ్మ. ముప్పై దాటిన మనిషి, బక్కపలచన. అయినా తనంత ఎత్తున్న ఐసు దిమ్మకు కొక్కెం తగిలించి లాగి, బండి మీదికి ఒక్క తోపు తోసేస్తుంది. ఆమె అత్తవారి పెద్దలు ఎప్పుడో గంజాం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశారు. మామగారు మూటలు వదిలి మిల్లు పెట్టాడు, ఆయనా పోయాడు. ఇప్పుడు మిల్లు పై అంతస్తులోని ఇంట్లో ఉండేది ముగ్గురు ఆడవాళ్లే. చిలకమ్మ, అత్త రత్నం, ఆరేళ్ల కూతురు అమ్ములు. మిల్లులో సాయానికి కో మ్యో అనే బర్మా మనిషి ఒకడు పగలు వచ్చి పోతుంటాడు.

ఐసు ఎలా తయారవుతుందో చూడని వాళ్ల కోసం చెప్పాలి. నేలలోకి దించిన పెద్ద తొట్టి నిండా ఉప్పునీరు ఉంటుంది. అది ఎంత చలికీ గడ్డకట్టదు. అందులో వరసలు వరసలుగా నిలువాటి రేకు డబ్బాలు దించి, వాటి నిండా మంచినీళ్లు పోస్తారు. చుట్టూ ఉన్న ఉప్పునీటి చలికి డబ్బాలోని మంచినీళ్లు అంచుల నుంచి లోపలికి బిగుసుకుంటూ వస్తాయి. నడుమ నీళ్లు మాత్రం ఆఖరిదాకా నీళ్లలాగే ఉంటాయి. డబ్బాల మీద చెక్క మూతలు పరిచి, ఆ మూతల మీదే నడుస్తూ పని చేసుకుంటారు. మూతల మీదికి ఎక్కొద్దని అమ్ములుకి అత్తాకోడళ్లిద్దరూ రోజుకోసారి చెబుతూనే ఉంటారు. ఇద్దరూ ఒక్కమాట మీద ఉండే విషయం ఆ ఇంట్లో అదొక్కటే.

ఇక కోటిబాబు సంగతి. చిలకమ్మ మొగుడు. మిల్లు మీద ఇల్లు గడవక జపాన్ ఉత్తరాన మంచు కురిసే కొండల్లో చేపల పెంపకం పనికి వెళ్లాడు. పోయిన శీతాకాలం సెలయేరు మీద పేరుకున్న మంచు పలక విరిగి లోపలికి పోయాడు. మనిషి దొరకలేదు. దిగువన ఒడ్డుకు కొట్టుకొచ్చిన రబ్బరు బూట్లు మాత్రం దొరికితే, వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇంటికి పంపారు. ఎడమ బూటు మడమ బయటివైపు బాగా అరిగిపోయి ఉంది. కోటిబాబు నడకే అంత, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. అడుగున ఇంకా తడి ఆరని నల్లటి బురద. చిలకమ్మ కడగబోతే రత్నం ఆమె చెయ్యి పట్టుకుంది.

"కడక్కే. నా కొడుకు నడిసిన మట్టి," అంది.

వాళ్ల మనుషుల్లో ఎవరింట చావు జరిగినా, దూరం నుంచి చుట్టాలు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి ఐసు ఈ మిల్లు నుంచే వెళ్తుంది. దానికి డబ్బు పుచ్చుకోరు. మామగారు పెట్టిన కట్టుబాటు ఇంకొకటి కూడా ఉంది. చావింటికి వెళ్లిన ఐసు తిరిగి మిల్లు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. మిగిలిందంతా వాగు ఒడ్డున కరిగి నీళ్లలో కలిసిపోవాల్సిందే.

"ఒళ్లు దొరకనేదు, జోళ్లయినా ఒచ్చాయి గదే," అంది రత్నం. "మనింటి ఐసు ఊరందరి సావులకీ పోనాది. నా కొడుక్కి పోకపోతే ఎలాగ?"

అలా బూట్లను డబ్బాలో దించి దిమ్మ కట్టించారు. ఆ దిమ్మనే శవంగా చాప మీద పడుకోబెట్టి, పసుపు రాసి, పూలు వేసి, తులసి నీళ్లు చల్లి ఏడ్చారు. వాగు మెట్ల మీద దించి, వెనక్కి తిరిగి చూడకుండా అందరూ ఇళ్లకు వచ్చేశారు. పొద్దు తిరిగేసరికి అది కరిగిపోవాలి, బూట్లు ఏటికి పోవాలి. దాంతో అయిపోయినట్టు.

చిలకమ్మ మనసుకు మాత్రం అయిపోలేదు. పదేళ్ల కాపురం కళ్ల ముందే చుక్కలు చుక్కలుగా కారిపోతుంటే ఆమె తట్టుకోలేకపోయింది. అత్త స్నానానికి వెళ్లగానే తోపుడుబండి వేసుకుని వాగు మెట్ల దగ్గరికి పరుగెత్తింది. సగం కరిగిన దిమ్మను గోనెపట్టాలో చుట్టి మిల్లులోకి తెచ్చేసింది. చివరి వరసలో గోడవారగా ఎవరూ వాడని డబ్బా ఒకటి ఉంటే, అందులో దించి, నీళ్లు నింపి, మూత వేసింది. ఈ సంగతి అత్తకు తెలియదు, కో మ్యోకు తెలియదు. రోజూ పని అయ్యాక వెళ్లి ఆ మూత మీద కాసేపు కూర్చునేది. ఆయన ఇంకా పోలేదు, ఇక్కడే ఉన్నాడు, దాచుకున్నాను అనుకునేది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆమె అన్నం తిన్నది ఆ ధైర్యంతోనే.

మొదట వచ్చింది టీ కొట్టు దో ఖిన్. రోజూ ఐసు తీసుకెళ్లే పెద్దమనిషి, మాట నెమ్మది. ఆ రోజు గాజు గ్లాసు ఒకటి తెచ్చి చిలకమ్మ ముందు పెట్టింది. గ్లాసు అడుగున ఆవగింజల్లాంటివి నాలుగైదు ఉన్నాయి.

"నీ ఐసు కరిగితే ఇవి మిగిలాయి," అంది బర్మాలో. "మిరియాల పొట్టనుకున్నాను. కానీ చూడు..."

చిలకమ్మ వంగి చూసింది. ఆవగింజ ఒకటి మెల్లగా గ్లాసు గోడ ఎక్కుతోంది. దాని వెనక మరొకటి.

సాన్‌చౌంగ్ బజారులో అక్వేరియం చేపలు అమ్మే రవీంద్ర చిలకమ్మకు సొంత తమ్ముడు. చేపలన్నా పురుగులన్నా వాడికి తిండి అక్కర్లేదు. సీసాలో వేసి పంపితే ఆ సాయంత్రమే భూతద్దంతో సహా ఊడిపడ్డాడు.

"అప్పా, ఇవి నత్తలు. మన దిక్కువి కావు," అన్నాడు. "సలి దేశాలవి. పుట్టింది ఒకచోట. జాలర్ల బూట్లకంటుకుని దేశాలన్నీ ఎక్కేసినాయి. అక్కడి ఏరుల్లో ఇవి దిగినాయంటే ఇంక ఇంకో నత్తకి సోటు ఉండదంట."

"బూట్లకా?" అంది చిలకమ్మ.

"ఆఁ. ఇక్కడి ఎండల ఏడికి ఒక్క పూట బతకవు. ఇన్ని ఎలాగ బతికినాయో నాకు తెలవడం లేదు. ఇంకో ఇచిత్రం సెప్పనా? ఈటికి మగది అక్కర్నేదు. ఒక్కటుంటే సాలు, పిల్లల్ని కనేస్తాది. ఆ పిల్లలు అచ్చం దాని లాగే ఉంటాయి. పక్కపక్కన పెడితే ఏది తల్లో ఏది పిల్లో దేవుడికి కూడా తెలీదు."

సంగతంతా వాడికి ఒక్కడికే చెప్పింది. వాడు నవ్వలేదు, తిట్టలేదు. సీసా మూత బిగించి, "సలసల కాగిన నీళ్లు పోసేయప్పా. ఇయ్యాలే," అని వెళ్లిపోయాడు.

సరేనంది కానీ పోయలేదు. ఎసరు పెట్టింది, మరిగింది, దించింది. గిన్నె పట్టుకుని చివరి వరసదాకా వెళ్లి, కోటిబాబు మీద కాగే నీళ్లు పోస్తున్నట్టే అనిపించి వెనక్కి వచ్చేసింది. ఆ నీళ్లతో అత్తకు స్నానం చేయించింది.

తరవాత ఇంట్లో చలి మొదలైంది. ఊరంతా విసనకర్రలు పట్టుకుని వాకిళ్లలో పడుకుంటుంటే రత్నం రెండు దుప్పట్లు కప్పుకుంది. వయసు మీద పడిందని ఆమే అనుకుంది. గోడ పగుళ్లలో నల్లటి చుక్కలు కనబడుతున్నాయి. రాత్రి లేనివి తెల్లారేసరికి మంచినీళ్ల కుండ అంచున ఉంటున్నాయి. ఇల్లంతా ఏటి అడుగు బురద వాసన. పజుండౌంగ్ వాగు వాసన చిలకమ్మకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఇది ఆ వాసన కాదు.

ఒకరోజు పొద్దున్నే మిల్లు మెట్ల మీద తడి జాడలు కనబడ్డాయి. బూటు జాడలు. ఎడమ మడమ బయటివైపు అరిగి ఉంది. కిందనుంచి పైకి వచ్చి, అమ్ములు పడుకునే చాప దగ్గర ఆగాయి. తిరిగి వెళ్లిన జాడలు లేవు.

చిలకమ్మ కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల పాదాలు చల్లగా ఉన్నాయి.

"అమ్ములూ... రాత్రి ఎవులైనా ఒచ్చారా?"

"నాన్న ఒచ్చాడు," అంది అమ్ములు ఆవలిస్తూ, ఇదో పెద్ద విషయమా అన్నట్టు.

చిలకమ్మకు ఆనందమో భయమో తెలియని వణుకు పుట్టింది. ముందు పుట్టింది ఆనందమే. అందుకే తరవాత ఆమె తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేకపోయింది.

"నాన్న ఏటన్నాడే?"

అమ్ములు తల ఎత్తి తల్లి వంక చూసింది.

"ఏ నాన్న?" అంది.

బర్మావాళ్ల కొత్త సంవత్సరపు నీళ్ల పండగ ముందు రోజు. ఊరంతా ఐసు కోసం ఎగబడే రోజు. పొద్దున్నే అమ్ములుకి కింది పలువరసలో పాలపన్ను ఊడింది. మామ్మ దాన్ని మట్టి ఉండలో పెట్టి కప్పు మీదికి విసిరించింది. ఇక పొద్దుగుంకేదాకా చిలకమ్మకు ఊపిరాడలేదు. ఆఖరి బండి వెళ్లిపోయింది, కో మ్యో ఇంటికెళ్లాడు. పై అంతస్తులో రత్నం దేవుడి దగ్గర దీపం పెడుతోంది. అమ్ములు తడి పాదాలతో వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, నాన్న నన్ను కూడా దాసుకుంటాడంట."

"ఏటీ?"

"నువ్వు నాన్నని దాసుకున్నావు గదా. కరిగిపోకుండా. అలాగ."

చిలకమ్మ చేతిలోని కొక్కెం అక్కడే పడేసింది. ఇక మొగుడూ లేదు, మమకారమూ లేదు. పిల్లను ఎత్తుకెళ్లి అత్త పక్కన కూర్చోబెట్టింది.

"అత్తా, నాను ఒచ్చేదాకా దీన్ని కిందకి దిగనీకు. ఒక్క అడుగు కూడా."

"ఏటైనాదే?"

"ఒచ్చి సెప్తాను."

పెద్ద గిన్నె నిండా నీళ్లు కాచింది. అవి కాగుతున్నంతసేపూ పొయ్యి వైపే చూస్తూ నిలబడింది. మసిగుడ్డతో గిన్నె పట్టుకుని మెట్లు దిగింది. సగం మెట్లు దిగేసరికి కరెంటు పోయింది. యాంగోన్‌లో కరెంటు పోవడం వింత కాదు. కానీ మిల్లు యంత్రం ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దం ఆమెకు కొత్తగా అనిపించింది. గోడ కంతల్లోంచి సాయంకాలం వెలుతురు కొంచెం ఎర్రగా లోపలికి పడుతోంది. ఆవిరి ముఖానికి తగులుతోంది. ఆ ఆవిరి వెనక ఏటి బురద వాసన.

ఎక్కడో చుక్క పడింది. మళ్లీ చుక్క.

ఆ చుక్కల మధ్య ఇంకేదో చప్పుడు. చాలా సన్నగా, చాలాచోట్ల నుంచి. బియ్యం చాటలో పోసి మెల్లగా కదుపుతున్నట్టు.

మూతల మీద అడుగులు వేస్తూ చివరి వరసకు వెళ్లింది. గిన్నె పక్కన పెట్టి, సెల్‌ఫోను లైటు వేసి, మూత ఎత్తింది.

దిమ్మ ఉంది. లోపల బూట్లు లేవు.

బూట్లు ఉండాల్సిన చోట బూట్ల ఆకారంలోనే రెండు గుంటలు ఉన్నాయి. మడమ అరుగుదలతో సహా. పైనుంచి దిమ్మ ఎక్కడా పగల్లేదు, చిల్లు పడలేదు. గుంటల లోపలంతా నల్లగా పూత పూసినట్టుంది. లైటు పడగానే ఆ నలుపు కదిలింది.

చిలకమ్మ గిన్నె ఎత్తి కుమ్మరించింది. దిమ్మ ఫెళ్లున బీటలు వారింది. ఆవిరి కమ్మేసింది. ఏమీ కనబడలేదు...

వెనక మూత కిర్రుమంది.

ఒక అడుగు... ఈడ్పు. ఒక అడుగు... ఈడ్పు.

ఆమె తిరగలేదు. తిరిగితే చూడాలి. చూస్తే వదలడం తనవల్ల కాదు.

"ఎల్లిపో కోటీ," అంది గుసగుసగా. "తప్పు నాదే. నాను నిన్ను పోనివ్వనేదు. ఎల్లిపో."

"సలి నేదు సిలకా," అంది ఆయన గొంతు. అదే గొంతు, అదే ముద్దుపిలుపు. "ఇప్పుడు నేదు."

చిలకమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి.

"సలి నేదు సిలకా," అంది ఆయన గొంతు, ఈసారి ఎడమ వైపు నుంచి. "ఇప్పుడు నేదు."

కుడి వైపు నుంచి... "సలి నేదు సిలకా..."

ఒక అడుగు... ఈడ్పు. చాలా అడుగులు. చాలా ఈడ్పులు.

ఆమె చెవులు మూసుకుంది. మూసుకున్నా, కాళ్ల కింద నుంచి వచ్చిన చప్పుడు మాత్రం పాదాలకు తెలిసింది. ఎవరో కిందనుంచి మూత కొడుతున్నారు. చిన్న చెయ్యి. మెల్లగా.

"అమ్మా..."

"అమ్ములూ!"

"అమ్మా... సలి..."

మూత ఊడబెరికింది. డబ్బాలో మెడదాకా నీళ్లు. నీళ్లలో అమ్ములు. పెదాలు నీలంగా మారి, జుట్టుకు మంచు పట్టి, రెండు చేతులూ పైకి చాపి ఉంది. డబ్బా అంచుల్లో అప్పుడే గడ్డకడుతోంది. చిలకమ్మ చంకల కింద చేతులు వేసి ఒక్క గుంజు గుంజింది. పిల్ల బయటికి వచ్చి మెడకు కరుచుకుపోయింది. ఆ బరువు, ఆ పట్టు, ఆ ఊపిరి... తన పిల్లే. తొమ్మిది నెలలు మోసిన తల్లికి తెలియదా!

పరుగెత్తింది. మూతల మీద జారి మోకాలు పగిలినా ఆగలేదు. వెనక అడుగులు ఆగిపోయాయి. వాటితో ఆమెకు ఇక పని లేదు. పిల్ల దక్కింది. అత్త కళ్లుగప్పి ఎప్పుడు దిగిందో, ముసలిదానికి కునుకు పట్టిందేమో... ముందు దుప్పట్లు, వేడినీళ్లు, ఆ తరవాత అత్తను నాలుగు మాటలనాలి. తెల్లారగానే ఈ ఇల్లు వదిలేసి తమ్ముడి దగ్గరికి సాన్‌చౌంగ్ వెళ్లిపోవాలి. మెట్లెక్కుతూ పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. వెయ్యి దేవుళ్లకు దండాలు పెట్టుకుంది.

తలుపు తోసింది.

దేవుడి దీపం వెలుగుతోంది. ఆ పక్కన రత్నం గోడకు జారబడి కూర్చుని ఉంది. చేతిలో పెరుగన్నం ముద్ద.

ఆమె ఒళ్లో అమ్ములు.

రత్నం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కోడలి చంకలోని పిల్లను చూసింది. ఒళ్లోని పిల్లను చూసింది.

"ఓలమ్మ... ఎవులే ఆ గుంట?" అంది. "అమ్ములు నా ఒళ్లోంచి లెగనేదు. ఇంతసేపూ... ఇక్కడే..."

ఒళ్లోని అమ్ములు ముద్ద కోసం నోరు తెరిచింది. కింది వరసలో పొద్దున ఊడిన పన్ను ఖాళీ కనబడింది. ఆ ఖాళీలో ఆవగింజంత నల్లటిది ఒకటి ఉంది. దీపం వెలుతురు పడగానే అది లోపలికి జరిగింది.

అయితే ఇది కాదు. తన చంకలో ఉన్నదే తన పిల్ల. చిలకమ్మ పిల్లను గుండెలకు అదుముకుంది. అదుముకుని, మెల్లగా, చూడకూడదనుకుంటూనే, దాని ముఖం దీపం వైపు తిప్పింది.

పిల్ల తల్లిని చూసి నవ్వింది. కింది వరసలో అదే ఖాళీ. ఆ ఖాళీలో అదే నలుపు.

"అమ్ములూ..." అంది చిలకమ్మ. పిలవాలని పిలవలేదు. నోట్లోంచి అదే వచ్చింది.

"ఓయ్," అంది ఒళ్లోని పిల్ల.

"ఓయ్," అంది చంకలోని పిల్ల.

"ఓయ్..." కింద మిల్లులోంచి, మూతల కింద నుంచి. ఒక వరసలోంచి, ఆ పక్క వరసలోంచి, అవతలి వరసలోంచి... "ఓయ్... ఓయ్..."

అన్నీ పలికాయి. ఒక్కటి తప్ప. ఎక్కడో తొట్టి నడుమ ఒక మూత కింద నుంచి మాత్రం ఏ పలుకూ రాలేదు. చిన్న చెయ్యి చెక్కను కొడుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. మాట్లాడే ఓపిక లేని చెయ్యి.

చిలకమ్మ కిందికి పరుగెత్తడానికి చంకలోని పిల్లను దించబోయింది. మెడ చుట్టూ ఉన్న చేతులు బిగుసుకున్నాయి.

"దించకమ్మా," అంది పిల్ల ఆమె చెవిలో. "దాసుకో."

ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీయబోయింది. విడదీసిన వేలు మళ్లీ వచ్చి పట్టుకుంటోంది. రత్నం ఒళ్లోంచి రెండో పిల్ల కూడా లేచి, తడి పాదాలతో వచ్చి, ఆమె కాలు వాటేసుకుంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ వచ్చింది.

కింద ఆ ఒక్క మూత చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది... ఇందాకటి కంటే మెల్లగా.